పరుగు, చెమట, ఒరిపిడి

నోట్లకట్టను లెక్కించువాడు వ్రేలికొనను తడి చేసికొనును. పలుగు పట్టి కొబ్బరిమొక్కకు గొయ్యి త్రవ్వువాడు అరచేతులలో ఉమ్మి వేసికొని, రెండు చేతులను రుద్దుకొని పని మొదలుపెట్టును. పొడివ్రేలికి కాగితము అంటదు. పొడి అరచేతిలో పలుగు జారును. కొద్దిపాటి తడి తగిలినచో చర్మమునకు పట్టు వచ్చును. ఈ సంగతి బడికి వెళ్లనివారికి కూడ తెలిసినదే. కాని అదే కొద్దిపాటి తడి, పరుగెత్తువాని తొడల నడుమ చేరినప్పుడు ఏమి జరుగునో ఆలోచించువారు తక్కువ. అచ్చట కూడ చర్మమునకు పట్టు వచ్చును. ఒక తొడ రెండవ తొడను పట్టుకొనును; కాలు దానిని విడిపించుకొని ముందుకు పోవును. ఈ పెనుగులాట అడుగడుగునను జరుగగా, చివరకు చర్మము ఎఱ్ఱబడి, మండి, పైపొర లేచిపోవును. దీనినే మన పల్లెలలో ‘ఒరుసుకొనిపోవుట’ అందురు.

ఒరిపిడికి కారణము బట్ట గరుకుదనమో, పరుగెత్తువాని సుకుమారమో అని సామాన్యముగా అనుకొందురు. నిజమునకు దానికి ముఖ్యకారణము తడి. ఈ ఒక్క విషయము బోధపడినచో దానిని నివారించు పద్ధతులన్నియు సులభముగా అర్థమగును. వచ్చిన గాయమునకు చేయదగినది ఏది, చేయరానిది ఏది అనునది కూడ తేటపడును.

కోనసీమలో ఈ విషయమునకు గల ప్రాధాన్యము

గౌతమి, వశిష్ఠ పాయల నడుమ, బంగాళాఖాతపు ఒడ్డున కోనసీమ ఉన్నది. ఎటు చూచినను కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు. ఇటువంటి చోట గాలిలో నీటియావిరి ఎక్కువగా ఉండుట సహజము. తెల్లవారుజామున ఆ తేమ మరింత హెచ్చును. సరిగా ఆ వేళకే అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల యువతీయువకులు కాలువగట్లపైనను, పాఠశాలల ఆటస్థలములలోను పరుగు సాధన చేయుదురు. పోలీసు కానిస్టేబులు ఉద్యోగమునకు 1,600 మీటర్ల పరుగు ఒక పరీక్ష. సైన్యములో చేరగోరువారికి కూడ 1.6 కిలోమీటర్ల పరుగు ఉన్నది.

ఆ పరీక్ష కొన్ని నిమిషములలో ముగిసిపోవును. అంతటి పరుగుకు చర్మము లేచిపోదు. బాధ అంతయు దానికి ముందు నెలల తరబడి చేయు సాధనలో ఉన్నది. ఒక్కొక్క అడుగు ఇంచుమించు ఒక మీటరు అనుకొన్నచో, దినమునకు 5 కిలోమీటర్లు పరుగెత్తువాడు 5,000 అడుగులు వేయును. ప్రతి అడుగులోను ఒక తొడ రెండవదానిని ఒకసారి రాచుకొని పోవును. నెలకు 25 దినములు సాధన చేసినచో ఈ రాపిడుల సంఖ్య 1,25,000. ఇందులో కొన్ని వేలు తడిచర్మముపై జరిగినను గాయము తప్పదు. గాయముతో వారము దినములు సాధన మానినవానికి ఆ వారము తిరిగి రాదు. ఎంపిక దినము ఎవరి గాయము మానువరకును ఆగదు.

చర్మము తట్టుకొను తీరు

చర్మపు వెలుపలి పొరను బాహ్యచర్మమనియు, దాని క్రింది దళసరి పొరను అంతశ్చర్మమనియు అందురు. బాహ్యచర్మపు పైభాగమున జీవము లేని కణములు, పెంకుటింటి కప్పుపై పెంకులవలె, ఒకదానిపై ఒకటి వరుసలుగా పరచుకొని యుండును. వీటిలో కెరటిన్ అను గట్టి మాంసకృత్తు నిండియుండును. వీటి సందులలో క్రొవ్వుపదార్థములు ఉండి నీటిని లోపలికిగాని వెలుపలికిగాని సులభముగా పోనీయవు. శరీరములో చాలచోట్ల ఈ పొర దళసరి మిల్లీమీటరులో నూరవవంతు, లేక అంతకు కొంచెము హెచ్చు మాత్రమే. అరచేతులలోను, అరికాళ్లలోను ఇది అనేక రెట్లు మందముగా ఉండును.

రాపిడి తగిలినకొలది అరచేయి, అరికాలు కాయలు కాయును. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపు కార్మికుల పాదములను చూచినచో ఈ సంగతి తెలియును. దీనిని చూచియే కొందరు, ‘నాలుగు దినములు ఓర్చుకొన్నచో తొడలు కూడ గట్టిపడును’ అని సాధకులకు సలహా చెప్పుదురు. ఈ సలహా సరియైనది కాదు. తొడ లోపలివైపు చర్మము పలుచనిది, మెత్తనిది, ముడుతలలో ఉండునది. కాయ కాచుటకు కావలసిన వ్యవధి అచ్చట చిక్కదు. దానికి ముందే పైపొర అరిగిపోవును.

అమెరికాలో సుల్జ్‌బర్గర్, ఆయన సహచరులు 1966లో ప్రకటించిన పరిశోధనలు ఈ తేడాను చక్కగా వివరించుచున్నవి. చర్మముపై యంత్రముతో ఒకే రీతిని రాపిడి కలిగించి వారు పరీక్షించిరి. పైపొర మందముగా ఉన్న అరచేయి, అరికాలు వంటి చోట్ల పొరల నడుమ చీలిక ఏర్పడి, అందులో ద్రవము నిండి బొబ్బ లేచును. పైపొర పలుచగా ఉన్నచోట బొబ్బ నిలువదు, చర్మము దోక్కుపోవును. అందుచేతనే కొత్తచెప్పు కరచినప్పుడు మడమపై బొబ్బ లేచును గాని, తొడ ఒరిసినప్పుడు పచ్చి పుండు ఏర్పడును. రెండును ఒకే రాపిడికి రెండు రూపములు.

తడి ఘర్షణను పెంచుట

ఘర్షణ బలము రెండు తలముల నడుమ గల ఒత్తిడిని బట్టి హెచ్చునని ఉన్నతపాఠశాల విద్యార్థులు చదువుకొని యుందురు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అమొంటన్ 1699లో తెలిపిన సూత్రమిది. చెక్క, ఇనుము వంటి గట్టి వస్తువులకు ఇది చాలవరకు సరిపోవును. చర్మము మెత్తనిది గనుక దాని సంగతి కొంత వేరు.

పొడిగా ఉన్నప్పుడు చర్మపు పైపొర కొంత బిరుసుగా ఉండి, దానిపై గల సన్నని మిట్టలు మాత్రమే ఎదుటి తలమును తాకును. కొద్దిగా తడిసినప్పుడు కెరటిన్ నీటిని పీల్చుకొని మెత్తబడును. మిట్టలు అణగి, నిజముగా తాకుచున్న వైశాల్యము పెరుగును. వైశాల్యము పెరిగినకొలది పట్టు కూడ పెరుగును. కొన్ని కొలతలలో తడిచర్మపు ఘర్షణ పొడిచర్మపు ఘర్షణకు రెండింతలు దాటినది. కాని చర్మముపై నీరు ధారగా ప్రవహించునప్పుడు రెండు తలముల నడుమ నీటిపొర నిలిచి, అవి తిరిగి జారును. మిక్కిలి పొడియైనదానికంటెను, మిక్కిలి తడిసినదానికంటెను, కొద్దిగా తడిసిన చర్మమునకే ఘర్షణ అధికమని నేలర్ 1955లో బ్రిటిషు చర్మవైద్య పత్రికలో తెలిపెను.

ఈ సంగతిని తరగతిలో సులభముగా చూపవచ్చును. శుభ్రమైన గాజుపలకపై పొడివ్రేలిని మెల్లగా జరుపవలెను. తరువాత ఆ వ్రేలిపై నాలుగైదుసార్లు నోటి ఆవిరిని ఊది మరల జరుపవలెను. వ్రేలు ఆగి ఆగి, పట్టి పట్టి కదలును. పిమ్మట పలకపై నీరు ధారగా పోసి జరుపవలెను. చివరకు పలకను తుడిచి, ఒక చుక్క కొబ్బరినూనె వేసి జరుపవలెను. ఈ నాలుగు స్థితులలో ఆవిరి ఊదిన వ్రేలికే పట్టు ఎక్కువగా ఉండుట విద్యార్థులు స్వయముగా గమనింతురు.

పరుగెత్తువాని చర్మము సరిగా ఆ రెండవ స్థితిలోనే చాలసేపు ఉండును. చెమట పట్టుటకు ప్రయోజనము శరీరమును చల్లార్చుటయే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో ఇంచుమించు 580 కిలోకేలరీల వేడిని తనతో తీసికొనిపోవును. గాలి పొడిగా ఉన్నచోట చెమట పుట్టిన వెంటనే ఆవిరియగును. కోనసీమ వంటి తేమగల చోట గాలిలో అప్పటికే నీటియావిరి నిండియుండును గనుక చెమట త్వరగా ఆరదు. తొడల నడుమ, చంకలలో గాలి ఆడదు గనుక అచ్చట మరింత నిలుచును. అందుచేత మంచు కురియు చలికాలపు ఉదయమున, ఎండ లేకున్నను ఒరిపిడి కలుగుట వింత కాదు. చెమట కొంత ఆరినప్పుడు అందులోని ఉప్పు సన్నని రేణువులుగా మిగిలి రాపిడికి తోడగును. సముద్రతీరమున పరుగెత్తువారికి ఇసుక కూడ తోడగును.

బట్టల ఎంపిక

ఒరిపిడిని ఆపుటకు మూడు మార్గములు గలవు. తడిని తొలగించుట, జారుదల కల్పించుట, రాపిడిని చర్మము మీదనుండి బట్ట మీదికి మార్చుట. వీటిలో మొదటిదియు, మూడవదియు బట్టలవలన సాధ్యమగును.

నూలుబట్ట మనకు అలవాటైనది, హాయినిచ్చునది. కాని పరుగునకు అది తగినది కాదు. ప్రామాణికమైన తేమగల గాలిలో నూలు తన బరువులో ఇంచుమించు 8.5 శాతము నీటిని పీల్చి ఉంచుకొనును, పాలియెస్టరు 0.4 శాతము మాత్రమే. చెమటతో తడిసిన నూలు లాగు బరువెక్కి, తొడకు అంటుకొని, వెంటనే ఆరదు. సన్నని అల్లికగల పాలియెస్టరు బట్టలో పోగు నీటిని పీల్చదు. పోగుల సందులలోనుండి చెమట, దీపపు వత్తిలో నూనె ప్రాకినట్లు, వెలుపలికి ప్రాకి ఆరును. అందుచేత సాధనకు అట్టి బట్టయే మేలు. పరుగు ముగిసిన తరువాత స్నానము చేసి, వదులైన నూలుబట్ట కట్టుకొనవచ్చును.

బట్ట వదులుగా ఉండవలెనా, బిగుతుగా ఉండవలెనా అను సందేహము కలుగును. తొడలు రాచుకొనువారికి మోకాలికి కొంచెము పైవరకు వచ్చి, శరీరమునకు అతుక్కొనియుండు లోపలి నిక్కరు మంచిది. బరువు మోయువారు ఇది ఎరిగినదే. సంక్రాంతి మరునాడు, కనుమ దినమున, జగ్గన్నతోట తీర్థమునకు ప్రభలను భుజములపై ఎత్తుకొని వరిచేల మీదుగా, కౌశికను దాటి తీసికొనివత్తురు. ఇట్లు భుజముతో బరువు మోయునప్పుడు తువ్వాలు మడిచి వేసికొన్నచో ఒత్తిడి పంచుకొనబడును. జారుడు తువ్వాలుకును కఱ్ఱకును నడుమ జరుగును గాని చర్మముపై జరుగదు. అతుక్కొనియుండు నిక్కరు చేయు పని కూడ ఇదియే. అది చర్మముతో పాటు కదలును. రాపిడి ఒక కాలి బట్టకు, రెండవ కాలి బట్టకు నడుమ జరుగును.

కుట్లు దళసరిగా ఉండి లోపలివైపునకు పొడుచుకొని రాకూడదు. కొత్తబట్టను ఒకటి రెండుసార్లు ఉతికి, చిన్న పరుగులలో వాడిచూచిన పిమ్మటనే దూరపు పరుగునకు వాడవలెను. పోటీదినమున కొత్తబట్ట, కొత్తబూట్లు వేయుట మంచిది కాదు. ఉతికినప్పుడు సబ్బు పోవువరకు జాడింపవలెను. నడుము పట్టీ, చంకలు, ఛాతీపై మొనలు కూడ ఒరుసుకొను చోట్లే. దూరపు పరుగులలో మగవారికి ఛాతీమొనలు ఒరిసి, చొక్కాపై నెత్తుటి మరకలు పడుట కలదు. వాటిపై చిన్న ప్లాస్టరు ముక్క అంటించినచో ఈ బాధ తప్పును. బాలికలకు లోదుస్తుల పట్టీల క్రిందను, బహిష్టు దినములలో ప్యాడు అంచులవద్దను ఒరిపిడి కలుగును. సరియైన కొలత గల లోదుస్తులు ధరించి, పరుగు ముగియగానే ప్యాడు మార్చుకొనవలెను. ఈ మాట చెప్పుటకు బాలికలు సిగ్గుపడుదురు గనుక ఉపాధ్యాయినులు తామే ముందుగా చెప్పుట మంచిది.

నూనె, జెల్లీ, పొడి

రెండవ మార్గము జారుదల కల్పించుట. కోనసీమలో కొబ్బరినూనె లేని ఇల్లు ఉండదు. అది చర్మమునకు జారుదల ఇచ్చును; చిన్న పరుగులకు చాలును. కాని అది ఇంచుమించు 24 డిగ్రీల సెంటిగ్రేడుకే కరగును గనుక శరీరపు వేడికి పలుచనై, బట్టలోనికి ఇంకి, త్వరగా తరుగును. పెట్రోలియం జెల్లీ శరీరపు వేడికి కరగిపోక ముద్దగానే నిలుచును, నీటితో కలియదు. 1872లో అమెరికాలో చీస్‌బరో అను రసాయనజ్ఞుడు పేటెంటు పొందిన ఈ పదార్థము నేటికిని పరుగెత్తువారికి చౌకయైన సాధనము. పరుగునకు ముందు శుభ్రమైన పొడిచర్మముపై పలుచగా పూయవలెను. అప్పటికే చెమట పట్టిన చర్మముపై పూసినచో తడి దాని క్రింద చిక్కుకొనును. ఏ పూతయైనను కొంతసేపటికి అరిగిపోవును గనుక గంటకు మించిన పరుగులలో మరల పూసికొనవలెను.

పౌడరు పొడిచర్మముపై జారుదల నిచ్చును. కొద్దిపాటి తడిని పీల్చును. చెమట అధికమైనప్పుడు అది ఉండలు కట్టి, తానే గరుకై ఒరయును. నూనెపై పౌడరు చల్లుట ఈ రెండింటి గుణములను పోగొట్టుకొనుటయే.

ఒరుసుకొనిన తరువాత

పైపొర లేచిపోయినప్పుడు దాని క్రింది నరముల కొనలు రక్షణ కోల్పోవును. స్నానము చేయునప్పుడు నీరు తగులగానే మంట పుట్టుట అందువలననే. ఆరోగ్యవంతమైన చర్మపు ఉపరితలము స్వల్పముగా ఆమ్లగుణము గలది. దీనిని షాడె, మార్కియోనిని అను జర్మను శాస్త్రజ్ఞులు 1928లో ‘ఆమ్ల కవచము’ అనిరి. సామాన్యమైన స్నానపు సబ్బు క్షారగుణము గలది గనుక పచ్చి పుండుపై దానిని రుద్దరాదు.

మొదట గోరువెచ్చని, లేక చల్లని శుభ్రమైన నీటితో చెమటను, ఉప్పును, ఇసుకను కడుగవలెను. కాలువనీరు ఇందుకు పనికిరాదు. తువ్వాలుతో రుద్దక, మెత్తని శుభ్రమైన గుడ్డతో అద్దవలెను. తరువాత పెట్రోలియం జెల్లీ పలుచగా పూసి, బట్ట తగులు చోటైనచో శుభ్రమైన గాజుగుడ్డను కప్పవలెను. పుండు మానువరకు పరుగు ఆపి, వదులైన బట్టలు ధరింపవలెను. పైపై ఒరిపిడి సాధారణముగా కొద్ది దినములలో మానును.

పుండు ‘ఎండవలెను’ అని పౌడరు చల్లుట, సున్నము, పసుపు, పండ్లపొడి రుద్దుట, స్పిరిటు పోయుట కొన్ని ఇండ్లలో కలదు. ఇవి మంటను పెంచి, కొత్తగా పుట్టుచున్న కణములను దెబ్బతీయును. ఇంగ్లండులో జార్జి వింటర్ 1962లో పందుల చర్మముపై పలుచని గాయములు చేసి, కొన్నింటిని గాలికి వదలి, కొన్నింటిని పలుచని పొరతో కప్పి పరిశీలించెను. తేమ పోకుండ కప్పిన గాయములపై కొత్తచర్మము ఇంచుమించు రెండింతల వేగముతో వ్యాపించినది. గాలికి ఎండిన గాయముపై పక్కు కట్టగా, కొత్తకణములు దాని క్రిందనుండి దారి చేసికొని పోవలసివచ్చినది.

ఇచ్చట ఒక చిక్కు కనబడవచ్చును. తడియే శత్రువని చెప్పి, తిరిగి గాయమును ఎండనీయవద్దనుట ఎట్లు? చెక్కుచెదరని చర్మము వేరు, పచ్చి పుండు వేరు. చెక్కుచెదరని చర్మముపై తడి రాపిడిని పెంచును గనుక దానిని పొడిగా ఉంచవలెను. పచ్చి పుండుపై రాపిడి లేకుండ చేసి, దాని సహజమైన తేమను మాత్రము కాపాడవలెను. చెమటతో నాననిచ్చుట ఈ రెండింటిలో ఏదియు కాదు.

ఒరిపిడియా, తామరయా?

గజ్జలలో ఎఱ్ఱదనము కనబడినంతనే అది ఒరిపిడి యనుకొనరాదు. ఒరిపిడి పరుగెత్తిన దినముననే కనబడును. దురదకంటె మంట ఎక్కువ. రాపిడి తగులు చోటనే ఉండును. విశ్రాంతి నిచ్చినచో తగ్గుముఖము పట్టును. తామర బూజుజాతి సూక్ష్మజీవులవలన కలుగును, దురద ఎక్కువ, అంచు ఉబ్బి వలయమువలె వ్యాపించును, నడుమ కొంత తేటపడును, విశ్రాంతితో తగ్గదు. ఒకరి తువ్వాలు, బట్టలు మరియొకరు వాడుటవలన అది వ్యాపించును. చెమటలో నానిన చర్మముపై తామర త్వరగా నాటుకొనును గనుక రెండును ఒకేచోట ఉండవచ్చును.

ఈ భేదము తెలియక చాలమంది మందులదుకాణమునకు పోయి, ఏదో ఒక ట్యూబు తెచ్చి రాచుకొందురు. ఇట్టి పూతలు కొన్నింటిలో బలమైన స్టిరాయిడ్లు కలిసియుండును. అవి ఎఱ్ఱదనమును, దురదను రెండు మూడు దినములలో అణచును గనుక నయమైనట్లు తోచును. కాని స్టిరాయిడు చర్మపు ప్రతిఘటనను తగ్గించుటచేత తామర లోలోపల వ్యాపించి, వలయపు గుర్తు కూడ చెదరి, వైద్యుడు గుర్తించుటకే కష్టమగును. ఎక్కువకాలము వాడినచో చర్మము పలుచబడి, శాశ్వతమైన చారలు పడును. గజ్జల ప్రాంతమున ఈ ప్రమాదము అధికము. ఫెల్డ్‌మన్, మైబాక్ 1967లో ప్రకటించిన కొలతల ప్రకారము వృషణముల చర్మము, ముంజేతి చర్మముకంటె 42 రెట్లు హైడ్రోకార్టిజోన్‌ను లోనికి పీల్చుకొనినది. మన దేశములో ఇట్టి దుర్వినియోగము మితిమీరుటచేత 2018లో కేంద్రప్రభుత్వము 14 స్టిరాయిడు పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిర్ణయించినది. ఏ ట్యూబునైనను వాడుటకు ముందు దానిపై ముద్రించిన మందుల పేర్లు చదువుట విద్యార్థులు నేర్వదగిన అలవాటు.

వైద్యునివద్దకు పోవలసిన సమయము

ఎఱ్ఱదనము దినదినమునకు వ్యాపించుట, చీము పట్టుట, చుట్టును వేడిగా ఉండుట, జ్వరము వచ్చుట, గజ్జలలో బిళ్ళకట్టుట ఇవి సూక్ష్మజీవులు లోనికి ప్రవేశించిన గుర్తులు. నాలుగైదు దినములకు తగ్గని పుండును కూడ వైద్యునికి చూపవలెను. చక్కెరవ్యాధి గలవారు మొదటి దినముననే జాగ్రత్తపడవలెను. గోదావరి మండలములలో బోదకాలు చిరకాలముగా ఉన్న వ్యాధి. ఆ వ్యాధిచేత కాలు వాచినవారికి చిన్న ఒరిపిడియైనను సూక్ష్మజీవులకు ద్వారమగును. జ్వరము, నొప్పి, వాపు తిరుగబెట్టును. అట్టివారు కాలి ముడుతలను దినదినము కడిగి, మెల్లగా అద్ది, పొడిగా ఉంచుకొనవలెను.

పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడు పరుగునకు ముందు బూట్ల త్రాళ్లను చూచినట్లే, ఒరిపిడిని గూర్చి ఒక మాట అడుగుట అలవాటు చేసికొనవలెను. అడుగనిదే చెప్పుకొనరాని చోట కలుగు బాధ ఇది. చెప్పుకొనని బాలుడు కుంటుచు పరుగెత్తును. సోమరి యని నింద పడును. చివరకు పరుగే మానివేయును. అతనికి కావలసినవి త్వరగా ఆరు ఒక నిక్కరు, వ్రేలికొనంత జెల్లీ, రెండు దినముల విశ్రాంతి. వీటిలో ఖరీదైనది ఏదియు లేదు.